అందరికీ పదకొండో పాట: యూరోవిజన్ గురించి బీబీసీకి బహిరంగ లేఖ

యూరోవిజన్ పోటీకి బ్రిటన్ తరఫున పాటను ఎంచి పంపే బీబీసీ బృందానికి,

నమస్కారం.

యూరప్ దేశాలు ఏటా తలా ఒక పాటతో తలపడే ఈ టీవీ పోటీలో, 2025 మే నెలలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌ ఫైనల్లో ప్రేక్షకుల ఓట్లు చదివేటప్పుడు బ్రిటన్ వంతుకు వచ్చిన అంకె సున్నా. అంతకు ముందు ఏడాది మాల్మోలోనూ సున్నానే. 2021లో రాటర్‌డామ్‌లో అయితే ప్రేక్షకులదీ సున్నా, జ్యూరీలదీ (దేశదేశాల సంగీత నిపుణుల బృందాలది) సున్నా. ఐదు పోటీల్లో మూడుసార్లు యూరప్‌లో ఒక్క దేశపు ప్రేక్షకులు కూడా బ్రిటన్‌కు ఒక్క పాయింటు ఇవ్వలేదు. ఇలా ఎందుకు జరుగుతోందో, ఎక్కడ సరిదిద్దవచ్చో చెప్పడానికే ఈ లేఖ.

మేం బ్రిటన్‌లో ఉంటూ బీబీసీని నడిపే టీవీ లైసెన్సు రుసుము కట్టే తెలుగు ప్రేక్షకులం. సొంత దేశపు పాటకు ఓటు వేయడానికి ఈ పోటీ రూల్స్ ఒప్పుకోవు కాబట్టి బ్రిటన్ పాటకు మేం ఓటెయ్యలేం. గుంటూరులో ఉన్న చుట్టాలు మాత్రం వెయ్యొచ్చు. 2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో కార్డుతో డబ్బు కట్టి ఓటు వేస్తున్నారు. ఆ ఓట్లన్నీ ‘మిగతా ప్రపంచం’ అనే పద్దులో పడి, అన్నీ కలిసి ఒకే ఒక్క దేశపు ఓటుతో సమానమవుతాయి. లేఖ తెలుగులో రాయడానికి అదొక కారణం. ఓటు చేతిలో ఉన్నవాళ్లకు దాని లెక్క కూడా తెలిసుండాలి.

పాత రికార్డు చూస్తే ఇది ఒకే దేశం కథ అంటే నమ్మడం కష్టం. 1957లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్యాట్రీషియా బ్రెడిన్ రెండు నిమిషాలు కూడా నిండని పాటతో ఏడో స్థానం తెచ్చింది. 1958లో బ్రిటన్ వెళ్లలేదు. 1959 నుంచి మళ్లీ ఒక్క ఏడాదీ మానలేదు. ఆ ఏడాది నుంచి 1998 దాకా నలభై పోటీలు జరిగితే, మొదటి పది స్థానాల బయట పడింది రెండేసార్లు: 1978లో పదకొండు, 1987లో పదమూడు. 1967లో శాండీ షా, 1969లో లులు (ఆ ఏడాది నాలుగు దేశాలు సమానంగా గెలిచాయి), 1976లో బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్, 1981లో బక్స్ ఫిజ్, 1997లో క్యాట్రీనా అండ్ ద వేవ్స్ గెలిచారు. 1998 నాటికి రెండో స్థానం పదిహేనుసార్లు వచ్చింది. అందులో రెండు మరీ బాధపెట్టేవి. 1968లో లండన్ ఆల్బర్ట్ హాల్లో క్లిఫ్ రిచర్డ్ 28, స్పెయిన్ 29. 1988లో డబ్లిన్‌లో స్కాట్ ఫిట్జెరాల్డ్ 136, స్విట్జర్లాండ్ తరఫున పాడిన సెలిన్ డియాన్ 137.

ఆ తర్వాతి లెక్క ఇది. 2000 నుంచి 2025 దాకా, రద్దయిన 2020ని తీసేస్తే, ఇరవై అయిదు పోటీలు. మొదటి పదిలోకి వచ్చింది మూడుసార్లు: 2002లో జెస్సికా గార్లిక్ మూడు, 2009లో జేడ్ యువెన్ అయిదు, 2022లో శామ్ రైడర్ రెండు. ఆఖరి స్థానం మాత్రం అయిదుసార్లు: 2003, 2008, 2010, 2019, 2021.

శతాబ్దం మారేవేళ జరిగినవి రెండు. 1977 నుంచి 1998 దాకా ప్రతి దేశం తన భాషలోనే పాడాలన్న నియమం ఉండేది. ఇంగ్లీషులో పాడే హక్కు బ్రిటన్, ఐర్లండ్, మాల్టాలకే ఉండేది. 1999లో ఆ నియమం పోయింది, వేదిక మీది ఆర్కెస్ట్రా కూడా పోయింది. దానికి కాస్త ముందే, 1997లో అయిదు దేశాల్లో ప్రయోగంగా మొదలైన ఫోన్ ఓటింగ్ మరుసటి ఏడాదికి దాదాపు అన్నిచోట్లకూ వచ్చేసింది. అందరూ ఇంగ్లీషులో పాడగలిగాక, తీర్పు జ్యూరీ గదుల్లోంచి ఇళ్లలోకి వచ్చాక, బ్రిటన్‌కు పుట్టుకతో ఉన్న సౌకర్యం కరిగిపోయింది. ఏడుసార్లు గెలిచిన ఐర్లండ్‌దీ అదే కథ. వాళ్ల ఆఖరి గెలుపు 1996.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత బ్రిటన్ పత్రికలు చదివితే ప్రతి మే నెలలోనూ గుర్తొస్తుంది. 2003లో ఇరాక్ యుద్ధం వల్ల ఓడామన్నారు. 2019లో, 2021లో బ్రెగ్జిట్ వల్లనన్నారు. అదే బ్రెగ్జిట్ తర్వాత, 2022లో టూరిన్‌లో శామ్ రైడర్‌కు 466 పాయింట్లు వచ్చాయి. జ్యూరీల్లో 283తో మొదటి స్థానం, ప్రేక్షకుల్లో 183తో అయిదో స్థానం. బ్రిటన్ పేరు వింటేనే మొహం తిప్పుకునే ఖండం అలా ఓటెయ్యదు.

డబ్బు ఎక్కువ కట్టే దేశాలకు సెమీఫైనల్ లేకుండా నేరుగా ఫైనల్‌కు చోటిస్తారు కాబట్టి మిగతావాళ్లకు కోపమని ఇంకో వాదన ఉంది. 2021లో బ్రిటన్, జర్మనీ, స్పెయిన్ మూడింటికీ ప్రేక్షకుల నుంచి సున్నా రావడంతో ఈ మాట బాగా తిరిగింది. కానీ ఆ ఏడాది గెలిచింది ఇటలీ, రెండో స్థానం ఫ్రాన్స్. రెండూ అదే తోవలో నేరుగా ఫైనల్‌కు వచ్చినవే. ఇరుగుపొరుగు ఓట్ల మాట పూర్తిగా అబద్ధం కాదు, గ్రీసు, సైప్రస్‌ల మధ్య పన్నెండు పాయింట్ల ఇచ్చిపుచ్చుకోవడం అందరికీ తెలిసిందే. అయితే పక్కన స్పెయిన్ తప్ప మరో దేశం లేని పోర్చుగల్, 1964 నుంచి ఎదురుచూసి, 2017లో సొంత భాషలో, ఒక్క డాన్సరూ మంటా పొగా లేకుండా పాడి గెలిచింది. పాడే వరుసలో వెనక చోటు దొరికితే లాభమన్న నమ్మకం కూడా ఉంది. 2023లో లివర్‌పూల్‌లో, యుక్రెయిన్ తరఫున బ్రిటనే ఆతిథ్యమిచ్చిన పోటీలో, మే ముల్లర్ అందరికంటే చివర 26వ పాటగా పాడింది. వచ్చింది 25వ స్థానం.

అసలు సంగతి పాయింట్ల లెక్కలో ఉంది. ప్రతి దేశం నుంచి ప్రేక్షకులు ఒకటి, జ్యూరీ ఒకటి చొప్పున రెండు జాబితాలు ఇస్తారు. ఒక్కో జాబితాలో మొదటి పది పాటలకే పాయింట్లు: 12, 10, ఆపైన 8 నుంచి 1 దాకా, మొత్తం 58. పదకొండో పాటకు ఏమీ లేదు, ఇరవై ఆరో పాటకూ ఏమీ లేదు. ఆ రెంటికీ తేడా స్కోర్‌బోర్డులో కనిపించదు.

దీన్ని కాగితం మీద వేసి చూడండి. 2025లో 37 దేశాలు, వాటికి తోడు ‘మిగతా ప్రపంచం’ కలిపి 38 ప్రేక్షక జాబితాలు. సొంత దేశం ఓటెయ్యకూడదు కాబట్టి, ఒక పాట మిగతా 37 చోట్లా పదకొండో స్థానంలో నిలిచిందనుకుందాం. అంటే 26 పాటల్లో ప్రతిచోటా పద్నాలుగు పదిహేను పాటల కన్నా జనానికి ఎక్కువ నచ్చినట్టు. దానికి వచ్చేది సున్నా. ఇంకో పాట అయిదు చోట్ల మొదటి స్థానం, మిగతా 32 చోట్ల ఆఖరి స్థానం అనుకుందాం. దానికి 60 పాయింట్లు. కాబట్టి ఈ పోటీలో ‘బాగానే ఉంది’ అన్న మాటకు విలువ లేదు. ‘ఇదే కావాలి’ అన్న మాటకే ఉంది.

దాని మీద ఇంకో మెలిక. 2025 దాకా ఒక్కో ప్రేక్షకుడు ఇరవై ఓట్ల దాకా వేసే వీలుండేది. పిచ్చిగా నచ్చినవాడు ఇరవైసార్లు వేస్తాడు, పర్లేదనుకున్నవాడు ఫోనే తియ్యడు. 2026 నుంచి ఆ ఇరవైని పదికి తగ్గించారు. మెలిక సడలింది కానీ పోలేదు. పర్లేదనుకున్నవాడు పది ఓట్లకు కూడా ఫోన్ తియ్యడు.

మాల్మోలో బ్రిటన్ గాయకుడు ఆలీ అలెగ్జాండర్‌కు వచ్చిన 46 పాయింట్లూ జ్యూరీలవే. బాసెల్‌లో రిమెంబర్ మండే బృందానికి వచ్చిన 88 కూడా జ్యూరీలవే. పాడటం బాగుంది, ముగ్గురి గొంతులూ చక్కగా కలిశాయి, సంగీతం తెలిసినవాళ్లు దాన్ని గుర్తించారు. కానీ మూడు నిమిషాల్లో పాట వేగం అన్నిసార్లు మారితే, పల్లవి వచ్చినప్పుడు ఇదే పల్లవని మొదటిసారి వినేవాడికి తెలియదు. ఆ రాత్రి సున్నా తెచ్చుకున్నది బ్రిటన్ ఒక్కటే కాదు. ఆతిథ్య స్విట్జర్లాండ్‌కు జ్యూరీల నుంచి 214, ప్రేక్షకుల నుంచి సున్నా. అది చెడ్డ పాట అని ఎవరూ అనలేదు, ఎవరికీ మొదటి పదిలో లేదు, అంతే. ఎస్టోనియాది దీనికి తలకిందులు: సగంమంది నవ్వి తీసిపారేసిన పాటకు జ్యూరీలు 98 ఇస్తే ప్రేక్షకులు 258 ఇచ్చారు, మూడో స్థానం వచ్చింది. 2023లో ఫిన్లాండ్‌కు ప్రేక్షకుల నుంచే 376, 2024లో క్రొయేషియాకు 337. వీటిలో ఏ ఒక్కటీ అందరికీ నచ్చాలని చేసిన పాట కాదు.

ఈ లెక్క మీ చేతిలో ఉన్నా, వరుసగా వెళ్లిన పాటల్లో ఎక్కువ భాగం రేడియోలో ఛానెల్ మార్చబుద్ధి కానివి, అలాగని ధ్వని పెంచబుద్ధీ కానివి. ఎంపిక పద్ధతి మార్చినా ఇది మారలేదు. 2016 నుంచి 2019 దాకా దేశంలోనే పోటీ పెట్టి ఎంచారు, వచ్చిన స్థానాలు 24, 15, 24, 26. ఆ తర్వాత రికార్డు కంపెనీలనో, మేనేజ్‌మెంటు సంస్థలనో కలుపుకొని లోపలే ఎంచారు: 2021లో ఆఖరు, 2022లో రెండు, 2023లో మళ్లీ 25. టూరిన్‌లోనూ లివర్‌పూల్‌లోనూ మీకు తోడున్న సంస్థ ఒక్కటే. తేడా ఎంచే గదిది కాదు, ఎంచేటప్పుడు వేసుకునే ప్రశ్నది.

2019 సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ ఏడాది బ్రిటన్ పాట రాసినవాళ్లలో జాన్ లండ్విక్ ఒకరు. అదే లండ్విక్ స్వీడన్ తరఫున ఇంకో పాట తనే పాడాడు. అతను పాడిన పాటకు అయిదో స్థానం, మనకొచ్చిన పాటకు ఆఖరి స్థానం. దాన్ని పాడిన మైకేల్ రైస్ గొంతులో లోపం లేదు. ఎవరి నోట పెట్టినా ఒకేలా ఉండే పాట అది, ఎక్కడ పెట్టినా సరిపోయే సోఫాలాంటిది.

మా మొదటి సూచన పాట పరీక్ష గురించి. అంతకు ముందు ఏడాది ఫైనల్లోని పాటల్లో బ్రిటన్ పాట తీసేసి, దాని చోట మీ కొత్త పాటను ఉంచండి. మొత్తం పాటల వీడియోలు, అసలు పోటీలో ఉన్న వరుసలోనే, ఒక్కసారే చూపించండి. కనీసం పది దేశాల్లో, దేశానికో గుంపు: బాల్టిక్ దేశం ఒకటి, బాల్కన్ దేశం ఒకటి, ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) నుంచి ఒకటి, నార్డిక్ దేశం ఒకటి, ఇలా దూరంగా ఉండేవి. పోటీ పాటలన్నీ ముందే విని కంఠస్తం చేసిన వీరాభిమానులను పిలవొద్దు, వాళ్లకు పాత పాటలు ఎలా నిలిచాయో గుర్తుంటుంది. చూశాక పాటకు పదికి ఎన్ని మార్కులని అడగొద్దు. అడగాల్సింది రెండే: మీ జేబులోంచి డబ్బు పెట్టి ఓటేస్తే ఏ పాటకు వేస్తారు, ఎన్ని వేస్తారు? ఆ ఓట్లతో ఒక్కో గుంపుకు 12-10-8 జాబితా తయారు చెయ్యండి. పది జాబితాలూ కలిపి మీ పాటకు ఇరవై దాటకపోతే, సగటు మార్కులు ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్యండి. మూడు గుంపుల్లో 12 వచ్చి ఏడు గుంపుల్లో తిట్లు వస్తే ఆ పాటను పట్టుకోండి.

ఒక జాగ్రత్త. స్టూడియో రికార్డును వినిపించి ఈ పరీక్ష చేస్తే అది మీ కళ్లకే గంతలు కడుతుంది. పాట వేదిక మీద ఎలా ఉంటుందో అలాగే, గాయకుడు నిలబడి నేరుగా పాడిన వీడియోనే చూపించాలి. దానికి కారణం వివరంగా చెప్పాల్సిందే, బ్రిటన్ పాయింట్లు ఎక్కువగా కారిపోయేది ఇక్కడే.

వాయిద్యాలన్నీ టేపు మీదే ఉంటాయి. 2021 నుంచి వెనక గొంతులను కూడా రికార్డు చేసి వాడుకోనిస్తున్నారు. ప్రధాన గాత్రం మాత్రం నేరుగా పాడాలి. వేదిక మీద ఆరుగురికి మించకూడదు, పాట మూడు నిమిషాలు దాటకూడదు. ఈ సౌకర్యంలోనే ఒక ఉచ్చు ఉంది. పల్లవిలో రికార్డు చేసిన కోరస్ గోడలా నిండుగా వస్తుంది. దాని ముందు ఆయాసపడుతూ పాడే ఒక్క గొంతు పల్చగా, అతికించినట్టు వినిపిస్తుంది. చరణాలు మంద్రస్థాయిలో, సగం మాటలు సగం పాటగా ఉంటే ఇంకా ప్రమాదం. స్టూడియోలో మైకును పెదవులకు ఆనించి పాడిన గుసగుస చెవికి ఇంపుగా ఉంటుంది. వేలమంది అరుస్తున్న హాల్లో బాస్ కింద అదే గుసగుస మునిగిపోతుంది. 2023లో మే ముల్లర్ పాటకు జరిగింది ఇదే అని మా అభిప్రాయం. బ్రిటన్ పాటల చార్టులో మొదటి పదిలోకి వెళ్లిన పాటకు వేదిక మీద జ్యూరీల నుంచి 15, ప్రేక్షకుల నుంచి 9 వచ్చాయి. రికార్డు నచ్చిన జనం ఉన్నారు, వేదిక మీద వినిపించింది ఆ రికార్డు కాదు.

2003లో రిగాలో బ్రిటన్ తరఫున పాడిన జెమినీ జంట మొదటి చరణం నుంచే శ్రుతి తప్పింది. వెనక సంగీతం తమకు వినపడలేదని వాళ్లన్నారు. ఏ దేశం నుంచీ ఒక్క పాయింటు రాలేదు. ఇప్పుడు అందరూ చెవిలో పెట్టుకునే మానిటర్లు (సంగీతమూ, తమ గొంతూ తమకు వినిపించే చిన్న ఇయర్‌ఫోన్లు) వాడుతున్నారు కనుక ఆ బాధ పోయిందనుకుంటే పొరపాటు. హాలు హోరు వినాలని గాయకుడు ఒక చెవిది తీసేస్తే, టేపు సంగీతం ఒక చెవిలో, హాలు ప్రతిధ్వని కాస్త ఆలస్యంగా రెండో చెవిలో పడతాయి. అక్కడి నుంచి తాళమూ జారుతుంది, శ్రుతీ జారుతుంది. మానిటర్‌లో తన గొంతు మరీ ఎక్కువ పెట్టించుకుంటే భయపడి మెల్లగా పాడతాడు, మరీ తక్కువైతే గొంతు చించుకుంటాడు.

అందుకని పాట ఖాయం చేసే ముందే ఒక పని చెయ్యండి. ఒక హాలు అద్దెకు తీసుకోండి. గాయకుడు చెవి మానిటర్లు పెట్టుకుని, నాట్యం ఉంటే నాట్యంతో సహా, పూర్తి మూడు నిమిషాలు, మధ్యలో పది నిమిషాల విరామంతో మూడుసార్లు పాడాలి. స్పీకర్లలో జనం అరుపుల రికార్డు పెద్దగా పెట్టండి. మూడోసారి పాడింది విని నిర్ణయించండి, మొదటిసారిది కాదు. చరణం మునిగిపోతుంటే శ్రుతిని అర స్వరమో ఒక స్వరమో పైకి జరపండి, చరణం కింద వాయిద్యాలు తగ్గించండి. అప్పుడు పల్లవి పైస్థాయి అందకపోతే ఆ పాట ఆ గాయకుడిది కాదు. వేదిక మీది ఆరుగురిలో ఇద్దరినైనా నిజంగా పాడేవాళ్లను పెట్టండి, ప్రధాన గాత్రం ఆయాసపడే చోట ఆ గొంతులు కింద పట్టుకుంటాయి. శామ్ రైడర్ విషయంలో ఈ బాధలేవీ లేవు. అతని తారస్థాయి ఇంటర్నెట్ వీడియోల్లో జనం ముందే విన్నది, స్టూడియో పనితనం కాదు. పాట అతని గొంతుకు కొలిచి కుట్టినట్టుంది. చుట్టూ ఉన్న లోహపు చట్రం అతన్ని కప్పెయ్యలేదు. ఆఖర్న గిటార్ పట్టుకున్నప్పుడు కూడా కెమెరా మొహం వదల్లేదు.

జ్యూరీలు ఓటు వేసేది మనం టీవీలో చూసే శనివారం రాత్రి కాదని మామూలు ప్రేక్షకులు చాలామందికి తెలియదు. శుక్రవారం రాత్రి పూర్తి వేషాలతో జరిగే రిహార్సల్ చూసి వేస్తారు. శనివారం అద్భుతంగా పాడి శుక్రవారం గొంతు దాచుకుంటే సగం పాయింట్లు పోయినట్టే. ఒక్కో జ్యూరీలో అయిదుగురు ఉండేవాళ్లు, 2026 నుంచి ఏడుగురు. పాట కూర్పు, కొత్తదనం, గాత్రం, వేదిక మీది ప్రదర్శన వాళ్లు చూడాల్సినవి. శుక్రవారాన్ని అసలు రాత్రిగా, శనివారాన్ని రెండో ఆటగా గాయకుడికి ముందే చెప్పి పెట్టాలి.

వేదిక అలంకారం గురించి కొద్దిగా. పాటకూ పాటకూ మధ్య చూపించే చిన్న వీడియో నలభై సెకన్ల చిల్లర. ఆ లోపల ముందు పాట సామాను తీసి మీ సామాను పెట్టాలి. విడిగా దొరికే రిహార్సళ్లు రెండే: మొదటిది అర్ధగంట, రెండోది ఇరవై నిమిషాలు. ఆ యాభై నిమిషాల్లో కెమెరాతో ముడిపడిన పెద్ద కట్టడాన్ని సరిచేసుకోవడం కత్తి మీద సాము. 2024లో ఆలీ అలెగ్జాండర్ చుట్టూ కట్టిన తలకిందులయ్యే గది, కెమెరా తిరుగుడు పనితనంగా గొప్పవే. చూసినవాళ్లకు గది గుర్తుండిపోయింది, పల్లవి గుర్తులేదు. 2021లో జేమ్స్ న్యూమన్ వెనక నిలబెట్టిన పెద్ద పెద్ద బూరలు ఏం చెప్పాలనుకున్నాయో ఇప్పటికీ అంతుపట్టదు. పాటలన్నీ అయ్యాక ఒక్కోదాన్నుంచి కొన్ని సెకన్ల ముక్కలు మళ్లీ మళ్లీ చూపిస్తారు, చాలామంది ఫోన్ తీసేది అప్పుడే. ఆ ముక్కలో గాయకుడి మొహం, పల్లవిలోని ఒక పంక్తి, మరిచిపోలేని ఒక్క దృశ్యం ఉండాలి. అవి ఏ సెకన్లో పడుతున్నాయో ముందే గుర్తుపెట్టుకుని, మిగతా అలంకారం దాని చుట్టూ కట్టండి.

కాలెండరు సంగతి. సెప్టెంబరు 1కి ముందు విడుదలైన పాట పనికిరాదు, మార్చి నెల మధ్యలో పాటను అప్పగించాలి. అంటే చేతిలో ఆరు నెలలు. అక్టోబరు ఆఖరుకు ఎనిమిది పది పాటలు మిగలాలి, నవంబరులో హాలు పరీక్ష, డిసెంబరులో దేశదేశాల గుంపుల పరీక్ష. వేదిక దర్శకుణ్ని నవంబరులోనే తీసుకోవాలి, మార్చిలో కాదు. వేదిక మీద నిలబడని పాటను ఆయన అప్పుడే చెప్పగలడు. ఫిబ్రవరిలో విడుదల. మార్చి, ఏప్రిల్ నెలలు ఊళ్లు తిరగడానికి: ఆమ్‌స్టర్‌డామ్, లండన్‌లలో అభిమానుల కచేరీలుంటాయి. వాటితో ఆగకుండా పోలండ్, లిథువేనియా, సెర్బియా టీవీల్లో పొద్దుటి కార్యక్రమాలకు కూడా వెళ్లాలి. రైడర్ పోటీకి ముందు యూరప్ అంతా తిరిగాడు. ఒక్క పాయింటు కూడా రాని పాటను రెండోసారి వింటే ఒకటో రెండో వస్తాయి, కానీ రెండోసారి వినిపించాల్సింది మే నెలకు ముందే.

భాష గురించి ఒక్క మాట. 2025 దాకా బ్రిటన్ పాటలన్నీ ఇంగ్లీషువే. 2017లో పోర్చుగీసు, 2021లో ఇటాలియన్, 2022లో యుక్రెయిన్ భాష గెలిచాయి. మీ దేశంలోనే వేల్స్ భాష ఉంది, గేలిక్ ఉంది. మాతృభాష ఉన్నవాళ్లం కాబట్టి మాకు ఇది తోచింది, మీకు తోచకపోవడమే ఆశ్చర్యం.

ఇక గాయకుల సంగతి. పేరున్నవాళ్లు ఈ పోటీకి రావడానికి జంకుతారు, అది వాళ్ల తప్పు కాదు. బీబీసీ ప్రసారంలో టెర్రీ వోగన్ వ్యాఖ్యానం దశాబ్దాల పాటు బ్రిటన్‌కు ఈ పోటీని చూసి నవ్వడం నేర్పింది. నవ్వడం సరదానే, కానీ చివరికి ఆ నవ్వు పడేది సొంత గాయకుడి మీద. 2012లో బాకూకు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్‌ను పంపారు. ఆయన 1936లో మద్రాసులో పుట్టిన మనిషి, క్లిఫ్ రిచర్డ్ లక్నోలో పుట్టినట్టే. బ్రిటన్ తరఫున పాడినవాళ్లలో మన గడ్డ మీద పుట్టినవాళ్లు ఇద్దరున్నారని మనలో ఎంతమందికి తెలుసు? డెబ్భై ఆరేళ్ల పెద్దాయన్ను, ఆ కాలపు నెమ్మది పాటతో, అందరికంటే ముందు పాడించారు. 12 పాయింట్లు, 26లో 25. ఏ లెక్కతో చూసినా అది పాట ఎంపికలో తప్పు, ఆయన గాత్రానిది కాదు. మర్నాడు పత్రికలు మాత్రం ఆయన వయసు మీద జోకులేశాయి. ఓడినప్పుడు పాటను ఎంచినవాళ్ల పేర్లు కూడా గాయకుడి పేరు పక్కన కనిపిస్తే, వచ్చే ఏడాది అడిగినప్పుడు ఇంకో గాయకుడు ఊఁ అనే అవకాశం పెరుగుతుంది.

మేం అడుగుతున్నవి మూడు. ఎంపిక బృందాన్ని ఏటా మార్చకుండా మూడేళ్లు ఉంచండి, వాళ్ల పేర్లు ప్రకటించండి. హాలు పరీక్ష దాటని పాటను ఎంత పెద్ద కంపెనీ తెచ్చినా తీసుకోకండి. పోటీ అయిన నెలలోపు, ప్రతి దేశంలో ప్రేక్షకులు బ్రిటన్ పాటకు ఎన్నో స్థానం ఇచ్చారో పూర్తి పట్టికను మీ ప్రేక్షకులకు అర్థమయ్యేలా వివరించి ప్రచురించండి. పదకొండు, పన్నెండు స్థానాలు ఎన్ని ఉన్నాయో, ఆఖరి స్థానాలు ఎన్ని ఉన్నాయో అందులో కనిపిస్తుంది. పదకొండు, పన్నెండు స్థానాలు ఎక్కువుంటే పాటకు కాస్త పదును చాలు, ఆఖరి స్థానాలు ఎక్కువుంటే పాటే మార్చాలి. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

ఇట్లు,
బ్రిటన్‌లోని కొందరు తెలుగు ప్రేక్షకులు